దూది లేని రవిక

వీపు మీద సూది చల్లగా తగిలింది.

తెల్లవారింది గాని ఎండ ఇంకా రాలేదు. బాంగ్‌పకోంగ్ నదిలో పోటు ఎక్కుతోంది. నిన్న సాయంత్రం కిందికి కొట్టుకుపోయిన గుర్రపుడెక్క గుంపులే ఇప్పుడు పైకి వస్తున్నాయి.

వాటికి ఒక చోటంటూ లేదు.

చేమ్ పెద్దమ్మ పికున్ వీపు దగ్గర దారాన్ని పంటితో తెంపి మళ్లీ సూదికి ఎక్కించింది. థాయ్ నాట్యానికి వేసుకునే జరీ రవికకు గుండీలుండవు, హుక్కులుండవు. ఒంటి మీదే కుట్టేస్తారు. ఆట అయ్యాకే విప్పడం. అప్పటిదాకా మనిషీ బట్టా ఒకటే.

కుట్టే ముందు లోపల రెండు దూది ముద్దలు. పెద్దమ్మే చుట్టి పెడుతుంది.

పదకొండేళ్లుగా… దూది.

పికున్ గుడి ముందు ఆడుతుంది. కోరిక తీరినవాళ్లు మొక్కు చెల్లించడానికి ఆట పెట్టిస్తారు. కొడుకు పుట్టాడని. ఉద్యోగం వచ్చిందని. కోర్టులో గెలిచామని. ఊళ్లో అందరి కోరికలూ తీరాయి, తీరిన ప్రతిదానికీ పికున్ ఆడింది.

తన కోరిక మాత్రం దూదిలోనే ఉంది.

ఇంట్లో పెట్టింది మగపేరు. పికున్, అంటే పొగడపువ్వు, తనకు తాను పెట్టుకున్న పేరు. పదమూడో ఏట నాట్యం నేర్పిన గురువమ్మ ఛాతీ ముందుకు తీసి, ఎడమ భుజం కాస్త దించి, నడుము విరిచి నిలబెట్టింది. అద్దంలో పికున్‌కు పికున్ కనిపించింది — మొదటిసారి. అంతే, ఆ నిలబడటం మళ్లీ వదల్లేదు. బస్సులో అలాగే. బజారులో అలాగే. అమ్మ చితి ముందు కూడా అలాగే.

ఇవాళ దూదితో చివరి ఆట. రేపు ఆసుపత్రిలో ఆపరేషన్, ఇక దూది అక్కర్లేని ఛాతీ.

ఆనందంగానే ఉంది. భయం ఒక్కటే…

కదిలిపోతే?

డాక్టరు ముందే చెప్పాడు. చేతులు ఎత్తే పని కాబట్టి ఛాతీ కండ గట్టిపడింది. అది బిగిసినప్పుడల్లా లోపల పెట్టినదాన్ని చంక వైపుకు తోసేయొచ్చు. ఒకటి పైకి, ఒకటి కిందికి పోవచ్చు. అప్పుడు మళ్లీ కోసి సర్దాలి. "అందరికీ అలా కాదులెండి" అన్నాడు. ఎవరికి అవుతుందో చెప్పలేదు.

మూడేళ్ల కిందట ఒక ఆటలో, చెమటకు ఎడమ దూది జారి మెడ ఎముక దాకా ఎక్కింది. రవిక కుట్టేసి ఉంది. వేలు దూర్చే సందు లేదు. ముందు వరసలో ఎవరో పకపకా నవ్వారు. ఆ ముద్దతోనే, ఆ నవ్వు వింటూనే, పికున్ పాట చివరిదాకా ఆడింది.

అది దూది. విప్పి పారేసింది. ఇది ఒంట్లో పెట్టి కుట్టేది.

"జరిగితే జరిగుద్దిలేవే. నా ఒంట్లో ఏది పెట్టినచోట ఉంది? బతకట్లేదా?" అంది పెద్దమ్మ.

పికున్ నవ్వింది.

"నవ్వమాకు, కుట్టు పిగిలిపోద్ది. ఇంతకీ ఏం మొక్కుకున్నావు?"

"రెండూ పెట్టినచోట నిలిస్తే ఇక్కడే ఆడతానని. నా మొక్కుకి నేనే."

పెద్దమ్మ చెయ్యి ఆగిపోయింది. "ఓసి పిచ్చిమొద్దూ! చేతులెత్తితేనే కదా అవి కదిలేది? ఈ గుడికి ఊరంతా ఉడకబెట్టిన గుడ్లు మొక్కుకుంటారు. నీకు గుడ్లే గుర్తు రాలేదా?"

రాలేదు. దేవుడికి ఇవ్వడానికి ఆట తప్ప ఇంకేదైనా ఉందని పికున్‌కు తోచలేదు.

మర్నాడు పొద్దున, ఆసుపత్రి గదిలో, డాక్టరు ఊదారంగు కలం తీశాడు. గీత ఎక్కడుంటే అవి అక్కడే కూర్చుంటాయట. "నిటారుగా నిలబడండి" అన్నాడు.

పికున్ నిలబడింది. అతను గీశాడు. దూరంగా జరిగి చూసి తల ఊపాడు.

"ఆగండి డాక్టరుగారూ," అంది మూలనున్న పెద్దమ్మ. "అది నిలబడలేదు. ఆడుతోంది."

డాక్టరుకు అర్థం కాలేదు.

"పదకొండేళ్లుగా ఈ వీపు కుడుతున్నానండీ. ఆ భుజం కిందికి లాగి పెట్టింది చూడండి. మీరిప్పుడు గీస్తే ఒకటి పైన, ఒకటి కింద." పికున్ వైపు తిరిగి గొంతు తగ్గించింది. "మామూలుగా నిలబడవే తల్లీ. ఎవరూ చూడనట్టు."

మామూలుగా అంటే ఎలా?

డాక్టరు గీతలు తుడిచాడు. పికున్ ఊపిరి వదిలింది. ఛాతీ లోపలికి పోయింది. నడుము జారింది. భుజాలు సమంగా ముందుకు వంగాయి.

పదమూడో ఏటి నుంచే కాదు, అంతకు ముందునుంచే ఆమె పారిపోతున్న ఛాతీ అది. అద్దం ముందు ఏనాడూ రానివ్వనిది. సిగ్గుతో ఒళ్లంతా చచ్చిపోయినట్టయింది. ఏడుపొచ్చింది.

కావలసినవి పెట్టడానికి ఇంకో ఛాతీ లేదు.

"ఇప్పుడు తిన్నగా ఉన్నానా పెద్దమ్మా?"

"ఇప్పుడే ఉన్నావు."

కిటికీ అవతల నదికి ఆటు మొదలైంది. కిందికి పోతున్న గుర్రపుడెక్క గుంపు ఒకటి వంతెన స్తంభాన్ని తగులుకుని ఆగింది. ఆగిందో… కాసేపు నిలిచిందో…

పికున్ దాన్నే చూస్తూ నిలబడింది. భుజం దించకుండా.

ఛాతీ మీద కలం చల్లగా తగిలింది.