ద్వారబంధానికి జాజు

సల్లూవా ఇంటికీ ఇసివేరి ఇంటికీ వాకిలి ఒక్కటే. ముంగిలి ఒక్కటే, రొట్టెల పొయ్యి ఒక్కటే, మిద్దె మెట్లూ ఒక్కటే. ఈ యేబు దీవి మీద చోటు ఎంతుందని? చుట్టూ నది, మధ్యలో రాళ్ళు, ఆ రాళ్ళ మీద మేమూ వాళ్ళూ. మేమంటే యూదావాళ్ళం, పారసీక రాజుగారి కూడు తింటూ కోటకి కాపలా కాసేవాళ్ళం. వాళ్ళంటే ఊరివాళ్ళు, ఐగుప్తీయులు. మా యాహో గుడికీ వాళ్ళ ఖ్నూము గుడికీ మధ్య ఒక్క వీధే అడ్డం. మా దేవుడికి పొట్టేలిని కొయ్యాలి. వాళ్ళ దేవుడిది పొట్టేలు తల. ఇంక మా బతుకులెలా ఉంటాయో మీరే ఊహించుకోండి.

నేను పక్కింటిదాన్ని. మా మిద్దె ఎక్కితే వాళ్ళ ముంగిలంతా కనిపిస్తుంది. చూడకూడదనుకుంటూనే చూస్తాను. ఈ వయసులో నాకింకేం పని?

సల్లూవా మొగుడు జక్కూరు మా కోటలో పాత సిపాయి. కళ్ళకి పొరలొచ్చాయి, కుడి భుజం పైకి లేవదు. ఇసివేరి మొగుడు పెతేసి ఖ్నూము గుళ్ళో పొట్టేళ్ళకి మేత వేస్తాడు. ఆడవాళ్ళిద్దరూ వదినా అంటే వదినా అని పిలుచుకుంటారు కాబట్టి మగవాళ్ళు బావా అంటే బావా అనుకోక తప్పలేదు. సల్లూవాకి ఈ దీవి మీద అక్కచెల్లెళ్ళు లేరు. ఆ వాకిలే ఆవిడ పుట్టిల్లు అనుకోండి. అది మూతపడకుండా ఉంటే చాలు, ఇంకేమీ అడగదు.

పస్కా అంటే మా పెద్దలు ఐగుప్తీయుల వెట్టిచాకిరీ తప్పించుకుని పారిపోయిన పండుగ. ఏటా ఆ పండుగ ముందు సల్లూవా రొట్టెలు పొంగడానికి తోడు వేసే తన పులిపిండి ముంత తీసుకెళ్ళి ఇసివేరి చేతికిస్తుంది. ఆ ఏడు రోజులూ మా ఇళ్ళల్లో పులిసిన ముద్ద ఉండకూడదు. ఇసివేరి దానికి రోజూ ఇంత పిండీ ఇన్ని నీళ్ళూ పోసి బతికించి, పండుగ అయ్యాక తిరిగిస్తుంది. ఇస్తూ ఓ మాట విసరకుండా ఉండదు.

"మా దగ్గర్నుంచి పారిపోయామని పండుగ చేసుకుంటారు. పిండి మాత్రం మా దగ్గరే దాచుకుంటారు. ఇదేం వరస వదినా?"

"మీరు తరుముతుంటే పిండి పులిసేదాకా ఆగే తీరిక ఎక్కడిది?" అనేది సల్లూవా.

నిజానికి ఆ పిండి సల్లూవా అమ్మమ్మకి ఇచ్చింది ఇసివేరి అమ్మమ్మే.

పండుగ సాయంత్రం గొర్రె నెత్తురు ద్వారబంధానికి పుయ్యాలి. అది ఉన్న ఇంట్లో తొలిచూలు పిల్లల జోలికి చావు రాదు. ఉమ్మడి వాకిలి కాబట్టి ఎడమ పక్క మాత్రమే పూసేవాళ్ళు. పెతేసి ఆ పూట పని ఉందని గుడికి పోయి, పొద్దున్న వచ్చి చూడనట్టే లోపలికెళ్ళేవాడు. అలా ఏళ్ళు గడిచిపోయాయి.

ఈ ఏడు పండుగ ముందు గుళ్ళో పెద్ద పొట్టేలు చచ్చిపోయింది. వాళ్ళకది పొట్టేలు కాదు, దేవుడే. పెతేసి దాన్ని పిల్లగా ఉన్నప్పటి నుంచీ సాకాడు. ఎప్పుడూ నున్నగా గొరిగి ఉండే మొహాన మాసిన గడ్డంతో వచ్చి ముంగిట్లో నిలబడ్డాడు.

"బావా, గొర్రెని కోసుకోండి, తినండి, నేను కాదనను. ఈ ఒక్క ఏడూ వాకిలికి నెత్తురు పుయ్యొద్దు. ఆ వాకిట్లోంచే పోయి నేను ఆయనకి నారబట్ట చుట్టాలి."

"నీకు పొట్టేలు పోయింది, నాకూ బాధగానే ఉంది బావా," అన్నాడు జక్కూరు. "కానీ ఇంట్లో తొలిచూలు మనవడున్నాడు. నెత్తురు లేని గడప దాటి చావు లోపలికొస్తే నువ్వొచ్చి ఆపుతావా?"

పెతేసి వెనక్కి తిరిగి గుడికి వెళ్ళిపోయాడు. ఆగి మాట్లాడితే పోట్లాట అయ్యేది. అయినా బాగుండేదని ఇప్పుడనిపిస్తోంది నాకు.

సల్లూవాకి నిద్ర లేక నెల దాటింది. కొడుకు దళంతో పాటు ఎగువకి పోయాడు. కోడలు అబీహి పచ్చి బాలింత, పసివాడికి కడుపునొప్పి, మొగుడికి మోకాళ్ళ నొప్పి. తిరగలి విసిరేదీ ఆవిడే, నీళ్ళు మోసేదీ ఆవిడే. అటు చెప్పలేక ఇటు చెప్పలేక, ఓపిక లేని మనిషి ఏం చేస్తుందో అదే చేసింది. తేలికైన దారి వెతుక్కుంది.

జక్కూరు గొర్రెని కోసి నెత్తురు చట్టిలో పట్టి ఇచ్చాడు. భుజం లేవదు కాబట్టి పూత ఏటా సల్లూవాదే. ఆవిడ ఆ నెత్తురు తీసుకెళ్ళి పొయ్యి పక్క ఇసుకలో పారబోసి, నీళ్ళకుండలకి పూసే జాజు కలిపి ద్వారబంధానికి ఎడమ పక్క పూసింది. ఎర్రగా ఉంటే జక్కూరు కళ్ళకి చాలు. చచ్చిన దేవుడి ఇంటివాళ్ళకి గొర్రె నెత్తురు చూసే బాధ తప్పుతుంది. పని అయిందనుకుంది గానీ, గుండె ఊరుకోలేదు. ఆ రాత్రంతా మనవణ్ణి ఒళ్ళోంచి దించలేదు.

నెత్తురైతే తెల్లారేసరికి నల్లబడుతుంది. జాజు ఆరేకొద్దీ ఎర్రబడుతుంది. గుడి నుంచి వచ్చిన పెతేసి వాకిట్లో ఆగిపోయాడు. లోపల అడుగు పెట్టకుండా వీధిలోనే కూలబడ్డాడు.

వాళ్ళకి ఎరుపు సేతు రంగు. తోడబుట్టినవాణ్ణి చంపిన దేవుడు ఆ సేతు. వాళ్ళ రాయసగాళ్ళు పగవాడి పేరు ఎర్రమట్టి సిరాతో రాస్తారు. ఇంటి ద్వారబంధానికి ఎర్రమన్ను పూస్తే ఆ ఇల్లు నాశనం కావాలని. నెత్తురంటారా, అది మా దేవుడి గొడవ, అలవాటైపోయింది వాళ్ళకి. ఇది చేతబడి, అందులోనూ చావింటికి.

"వదినా! బయటికి రా!" ఇసివేరి కేక వీధి చివరికి వినిపించింది. "మేం మీకేం ద్రోహం చేశాం? నీ కోడలికి పురుడు పోసిన చేతులివి. మా వాకిలికి ఎర్రమన్ను పూస్తావా?"

జక్కూరు తడుముకుంటూ వచ్చాడు. "ఎర్రమన్నేమిటి? అది నెత్తురు. నా చేత్తో పట్టిచ్చాను."

"నెత్తురు ఇట్లా ఉంటుందా అన్నయ్యా? తాకి చూడు!"

అబీహి పిల్లాణ్ణి ఎత్తుకుని గుమ్మంలోకొచ్చింది. సల్లూవా ఒకసారి ఇసివేరినీ ఒకసారి ఆ పిల్లాణ్ణీ చూసింది. నెత్తురే అని బొంకితే ఇసివేరి నమ్మదు, వాకిలి పోతుంది. కాదంటే పిల్లాడికి కాపు లేదని తేలి ఇల్లు పోతుంది. పాపం, ఎటు తిరిగినా గోడే.

"జాజే వదినా. నేనే పూశాను. ఏడుస్తున్న ఇంటి ఎదుట గొర్రె నెత్తురు పుయ్యడానికి నాకు చెయ్యి రాలేదు. మీకిది శాపమని నాకేం తెలుసు?"

"ఇన్నేళ్ళు పక్కనుండి తెలీదా?"

"నేను కుండలకి పూస్తుంటే ఎప్పుడైనా వద్దన్నావా?"

"కుండకి పూస్తే కుండకే. శాపాల సంగతి ఎవరైనా ఇరుగుపొరుగుకి చెప్పుకుంటారటే, పిచ్చిమొహమా!"

ఇసివేరికి ఏడుపూ నవ్వూ కలిసొచ్చాయి. చెంగు తడిపి తనే ఆ జాజు తుడిచేసింది. పెతేసి లేచి, "పోనీలే చెల్లెమ్మా, నా కోసమే కదా చేశావు," అంటూ లోపలికొచ్చాడు. వాళ్ళు అంత తేలిగ్గా క్షమించేశారు. అబీహి మాత్రం పిల్లాణ్ణి తీసుకుని పుట్టింటికి వెళ్ళిపోయింది.

"నెత్తురెక్కడ పోశావ్?" అనడిగాడు జక్కూరు.

"పొయ్యి పక్క ఇసుకలో."

కొట్టలేదు, తిట్టలేదు. మర్నాడు ఇటుకలు తోలించాడు.

"వాళ్ళ తప్పు కాదు, నీ తప్పూ కాదు," అన్నాడు. "ఉమ్మడి వాకిలిది తప్పు. నా మనవడు కాపలా లేకుండా పడుకున్నాడు. ఇంకోసారి పడుకోడు." ముంగిలి మధ్యకి గోడ, వెనక వీధిలోకి వేరే వాకిలి. చెప్పి చూద్దామని నేనూ వెళ్ళాను. కళ్ళు కనపడనివాడితో వాదించొచ్చు గానీ మనవడి మీద భయం పట్టినవాడితో ఏం వాదిస్తాం?

వరసలు వంకర పోతుంటే చూడలేక పెతేసే వచ్చి సరిచేశాడు.

"ఇటుక పని ఇంత అధ్వాన్నమా బావా? ఒకప్పుడు మాకు ఊళ్ళు కట్టిపెట్టింది మీవాళ్ళే కదా!"

జక్కూరు నవ్వలేదు. ఇటుక కోసం చెయ్యి చాపాడు. పెతేసి అందించాడు.

పండుగ ముగిసిన సాయంత్రానికి గోడ ఛాతీ ఎత్తు లేచింది. అవతల ఇసివేరి ముంతతో నిలబడింది. పిండి పొంగి మూత దాటి కారుతోంది.

"ఇదిగో వదినా, నీ పిండి. ఒక్క పూట కూడా మాడ్చలేదు దీన్ని. పై వరసలు వెయ్యకముందే అందుకో."

సల్లూవా ముంత అందుకుని వాసన చూసింది. కాసేపు అలాగే పట్టుకుని మళ్ళీ గోడ మీద పెట్టింది.

"నీ దగ్గరే ఉంచుకో వదినా."

"అదేమిటి? రేపట్నుంచి రొట్టెలెలా?"

"వచ్చే ఏడు ఎవరికిచ్చి దాచను? వెనక వీధిలో ఉన్నవాళ్ళంతా మావాళ్ళే, వాళ్ళూ పులిసింది ఉంచుకోరు. చేతులారా నదిలో పారబొయ్యాలి. అది నా వల్ల కాదు. మీ అమ్మమ్మ ఇచ్చిందేగా, నీ దగ్గరే బతకనీ."

ఇసివేరి ముంతని గుండెకి హత్తుకుని నిలబడిపోయింది. ఈసారి ఏ మాటా విసరలేదు. జక్కూరు పై వరసకి మట్టి పరుస్తున్నాడు.

పండుగ అయ్యాక మా ఇంట్లో కొత్తగా పులియబెట్టిన పిండి కాస్త ఇస్తానన్నాను, వద్దంది. పండుగ పోయి నెలవుతోంది. సల్లూవా ఇంట్లో ఇంకా పులియని రొట్టెలే కాలుతున్నాయి.