గాలిలో తెరుచుకున్న తలుపు

మా చెల్లెలు లలితమ్మ రోజూ పొద్దున ఫోన్ చేసి బెంగగా ఒకే మాట అడుగుతుంది. "అన్నా, పిల్ల పైలమేనా?" నాదీ ఒకే జవాబు. "నేనున్న గదనే, నీకెందుకు రంది?"

పిల్లంటే నా మేనకోడలు కరుణ. సూరత్ నుంచి భావ్‌నగర్‌కు సరుకు మోసే చిన్న విమానానికి పైలట్. నేను పరుశురాంను. ఆ విమానంలోనే చీరల బేళ్లు ఎక్కించి, వెంట పోయి దించి వస్తాను. అంతకు ముందు బతుకంతా సాంచల మీదే, అంటే మరమగ్గాల మీదే గడిచింది. సూరత్ పక్క భేస్తాన్‌లో ఆ సాంచల చప్పుడులో, దూది దుమ్ములో పెరిగిన పిల్ల ఇవాళ విమానం నడుపుతోందంటే నా ఛాతీ ఉబ్బదా మరి?

ఒక్క విషయంలోనే నాకు ఒళ్లు మండేది. ఎక్కే ముందు దాని చెకింగ్ ఉంది చూశారూ, అబ్బబ్బ! పెళ్లిళ్ల సీజన్, అవతల చీరల సేటు ఫోన్ల మీద ఫోన్లు. ఈవిడేమో విమానం చుట్టూ నింపాదిగా తిరుగుతుంది. రెక్క కింది నుంచి కాస్త ఇంధనం గాజు గ్లాసులోకి వంపి, నీళ్లు కలిశాయేమోనని వెలుతురుకు పెట్టి చూస్తుంది. ముందున్న పంకా అంచులు వేళ్లతో తడుముతుంది. నిన్న చూసిందే మళ్లీ చూస్తుంది.

ఆ రోజు బేళ్ల మీద నేను కట్టిన వలను కూడా పట్టి గుంజింది.

"మామా, గీ కొక్కెం వదులున్నది. మళ్ల కట్టు."

"ఏయ్ పిల్లా, నువ్వు పుట్టకముందు నుంచి ముళ్లేస్తున్న. నాకు నేర్పుతవా?"

"నేర్పుత. కట్టు."

పళ్లు కొరుక్కుంటూ విప్పి, బిగించి కట్టాను. కూర్చున్నాక నా బెల్టు కూడా లాగి చూసింది. నేనేమన్నా చంటిపిల్లాణ్ణా?

నేల విడిచాం. కింద తాపీ నది, దూరంగా హజీరా పొగగొట్టాలు. అంతలోనే వెనక ఢామ్మని చప్పుడైంది. సరుకు తలుపు గొళ్లెంలో పిన్ను విరిగిందట, ఆ సంగతి తర్వాత తెలిసింది. తలుపు బార్లా తెరుచుకుని గాలి హోరున లోపలికి కొట్టింది. విమానం ఒక పక్కకు లాగేసింది.

సాంచ నడిపినవాడి చెయ్యి ఎట్లాంటిదో చెప్పాలి. పోగు తెగితే సాంచ ఆపడానికి మనసొప్పదు. నడుస్తుండగానే చెయ్యి దానంతటదే లోపలికి దూరి ముడేసి వచ్చేస్తుంది. ఆ పాడు చెయ్యే ఇప్పుడు నా బెల్టు విప్పింది. తలుపు గుంజి మూసేద్దామని లేచాను.

"కూసో మామా! సాంచ కాదిది!"

అది అట్లా అరవడం నేనెన్నడూ వినలేదు.

"సరుకు పోతది బిడ్డా!"

"పోనీ! నువ్వు పోవద్దు. కూసో, బెల్టు పెట్టుకో!"

సీట్లో కూలబడ్డాను. అది ఒక్కసారి కూడా తల వెనక్కి తిప్పలేదు. చూపు ముందే పెట్టి, మెల్లగా విమానాన్ని సమం చేసింది. నిలకడ వచ్చాకే రేడియోలో టవర్ వాళ్లతో మాట్లాడింది. కిరాణా కొట్లో ఉప్పు ప్యాకెట్ అడిగినంత మామూలుగా ఉంది గొంతు. మా వంశంలో ఎవరికీ ఇంత గుండె లేదు, ఒట్టు!

వెనక్కి చూశాను. గాలి అంత పీకుతున్నా వల బిగువుగా ఉంది. ఒక్క బేలు కదల్లేదు. బరువు వెనక్కి జారితే విమానం ఎవరి మాటా వినదని కరుణే ఒకసారి చెప్పింది. ఆ వదులు కొక్కెం గుర్తొచ్చి నా బెల్టు ఇంకాస్త బిగించుకున్నాను.

పెద్ద చుట్టు తిరిగి మళ్లీ సూరత్‌లోనే దింపింది. చక్రాలు నేలను తాకినట్టు కూడా తెలియలేదు. ఇంజను ఆపాక నా పక్కకొచ్చి, నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"తలుపు తెరుసుకున్నప్పుడు గాదు మామా, నువ్వు లేసినప్పుడు భయమైంది."

నాకు ఏడుపు ఆగలేదు. అప్పుడే జేబులో ఫోన్ మోగింది.

"అన్నా, పిల్ల పైలమేనా?"

"చెల్లే," అన్నాను, "ఇగ నన్ను అడగకే. మా అన్న పైలమేనా అని రోజూ దాన్ని అడుగు."