సోమవారం కళ్లు మూసుకోవాలట

సోమవారం సాయంత్రం డ్యూటీ నుంచి వచ్చిన మా అబ్బాయి శ్రీకాంత్ చెప్పులు కూడా విడవకుండా వాకిట్లోనే కూర్చున్నాడు. రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టి, కళ్లు గట్టిగా మూసి తెరిచాడు. తర్వాత కోపంగా తల అడ్డంగా ఊపాడు.

వాడికి పుట్టుకతోనే చెవులు వినపడవు. మా ముచ్చట్లన్నీ చేతులతోనే. వాడి సైగల్లో నాకు తెలియనిది లేదనుకున్నాను గానీ, ఇది మాత్రం కొత్తది.

నాకు ఎప్పుడూ చెడే ముందు తోస్తుంది. కళ్లు మూశారంటే? వీడు పనిచేసే విత్తనాల కంపెనీలో ఎవరో పోయి ఉంటారు. ఎవరని సైగ చేశాను. అందరూ అని వాడు చేయి గుండ్రంగా తిప్పాడు. వెంటనే సూపర్‌వైజర్ రాజనర్సుకు ఫోన్ చేశాను.

"అన్నా, అందరు మంచిగున్నరా?"

"మంచిగనే ఉన్నరు. ఏమైంది చెల్లె?"

"అందరు కండ్లు మూసిన్రంటుండు మావోడు."

అవతల ఒకటే నవ్వు. "గదేం లేదు, వెల్‌నెస్ చెల్లె. పానం నిమ్మళంగుండాలని కంపెనోళ్లు పెట్టిన్రు. సోమారం సోమారం మిషన్లు బందువెట్టి, కండ్లు మూసుకొని కూసుంటం. పట్నం నుంచి మేడం వస్తది."

"గంతసేపు జీతం కోస్తరా?"

"కొయ్యరు."

"ఉత్తగ కూసున్నా జీతమిస్తరా?" నాకు ఇంకా అనుమానం పెరిగింది.

"గట్లనే ఉంటది. నీ కొడుకే కండ్లు మూస్తలేడు. అందరి మొఖాలు జూసుకుంట కూసుంటుండు. మొండి చేస్తుండని మేడంకు కోపమొచ్చింది. ఎందుకొచ్చిన లొల్లి, వచ్చేవారం నుంచి నువ్వు బస్తాల కాడ్నే ఉండుమని జెప్పిన."

ముందు నిమ్మళమైంది. మరుక్షణమే భయం పట్టుకుంది. ఈరోజు అందరితో కూర్చోవద్దన్నవాళ్లు రేపు గేటు లోపలికే వద్దంటే?

శ్రీకాంత్ బాధ మాత్రం వేరు. వాళ్లంతా లోపల, నేనూ బస్తాలూ బయట అని చూపించాడు. తర్వాత పోచవ్వలా నుదురు ముడిచి, ఆ ముడుతల్ని చేత్తో సాపు చేశాడు. పోచవ్వ వాడి పక్కన బస్తాలు కుడుతుంది. కళ్లు మూసుకుంటే ఆమె మొహం అట్లా అయిందట. అక్కడ ఏముంది, వాళ్లకు ఏం కనపడుతుంది అని నన్ను అడిగాడు.

నాకేం తెలుసు? మర్నాడు బీడీలు చుట్టే చాట పక్కన పెట్టి నేనూ కళ్లు మూసుకుని చూశాను. వీడి బండికి ఎదురుగా లారీ వస్తున్నట్టు కనపడింది. చటుక్కున తెరిచాను. మరి పోచవ్వకు ఏం కనపడినట్టు?

మరుసటి సోమవారం వాడి బండెక్కి నేనూ పోయాను. వాడి పని పోకుంటే చాలు, ఆ మేడం కాళ్లన్నా పట్టుకుందామని.

"ఏంది చెల్లె, పిల్లగాన్ని బడికి తోలుకొచ్చినట్టు వచ్చినవ్?" అన్నాడు రాజనర్సు.

మైత్రి మేడం చిన్నపిల్లే. షెడ్డులో జంపకానలు పరిపిస్తోంది. లోపల ఏం చేస్తారని అడిగాను.

"కళ్లు మూసుకుంటారమ్మా. నేను మెల్లగా మాట్లాడుతుంటాను. చివర్లో ఈ గంట కొడితే తెరుస్తారు."

"గంట మావోనికి ఎట్ల ఇనవడ్తది మేడం? కండ్లు మూస్తే వానికి మనుషులే ఉండరు. మళ్ల ఎప్పుడు తెరవాల్నో ఎట్ల ఎరుకైతది?"

ఆమె చేతిలో గంట అట్లాగే ఆగిపోయింది. "వినపడదా? నాకెవరూ చెప్పలేదే!"

"అందరికి ఎరుకే గద మేడం," అన్నాడు రాజనర్సు. "ఎరుకున్న ముచ్చట ఎవరు జెప్తరు?"

మేడం శ్రీకాంత్ ముందుకు వచ్చి రెండు చేతులూ జోడించింది. కళ్లు తెరుచుకునే కూర్చోమను, ఎవరూ ఏమీ అనరని నాతో చెప్పింది. నా గుండె కుదుటపడింది. అదే వాడికి సైగ చేశాను. వాడు ఒప్పుకోలేదు. అరచేత్తో కనురెప్పలు కిందికి దించి చూపించాడు. వాడికీ మూసుకోవాలనే ఉంది.

"అయితే అందరం చేతులు పట్టుకుందాం. గంట కొట్టగానే పక్కవాళ్ల చేయి నొక్కుదాం," అంది మేడం.

పోచవ్వ చేతులు కొంగులో దాచుకుంది. "మా ముసలోని చెయ్యే పట్టుకోలె నేను, రాజనర్సు చెయ్యి పట్టుకుంటనా?"

"నా చెయ్యేమన్న అగ్గువకొచ్చిందా?" అన్నాడు రాజనర్సు.

నవ్వేవాళ్లనూ పోచవ్వ కొంగునూ చూసి శ్రీకాంత్‌కు సంగతి అర్థమైంది. బస్తాల దగ్గరికి పోయి, మూతులు కట్టే సుతిలి తాడు ఉండ తెచ్చాడు. ఒక కొస మేడంకు ఇచ్చి, అందరి చేతుల్లోంచి తీసుకుపోయి, రెండో కొస పోచవ్వకు ఇచ్చాడు. చేతులు అంటకుండా ఆ కొసనుంచి ఈ కొసకు అందరికీ దారి కుదిరింది.

నేను బయటికి పోబోతే పోచవ్వ నన్నూ కూర్చోమంది. మేడం పక్కన నేను, నా పక్కన శ్రీకాంత్, వాడి అవతల రాజనర్సు. వాడు అందరినీ ఒకసారి చూశాడు. నన్ను చూశాడు. కళ్లు మూసుకున్నాడు.

తాడు నా చేతిలోంచి జారితే? పిడికిలికి రెండు చుట్లు చుట్టుకుని గట్టిగా పట్టుకున్నాను.

"ఊపిరి ఎటు పోతుందో చూడండి," అంది మేడం. ఊపిరిని ఎప్పుడన్నా చూశానా? వింతగా ఉంది. చూస్తుంటే ఆగిపోతుందేమోనని కూడా ఉంది. లారీ ఒకసారి వచ్చింది గానీ ఆగకుండా పోయింది.

గంట మోగింది. మేడం తాడు లాగింది. అందరూ కళ్లు తెరిచారు, శ్రీకాంత్ తప్ప. మళ్లీ లాగింది. కదలలేదు. పిల్లవాడికి ఏమైంది?

"ఓ ఉమా! ముందు నీ పిడికిలిప్పు!" అని అరిచింది పోచవ్వ.

చూసుకున్నాను. లాగిందంతా నా చేతి దాకా వచ్చి నా చేతిలోనే ఆగిపోతోంది. విప్పుదామనుకుంటూ వాడి మొహం చూశాను. ఎవరేమంటున్నారోనని వెతుక్కుంటూ వాడి కనుబొమలు ఎప్పుడూ దగ్గరికి ముడుచుకుని ఉంటాయి. ఆ ముడి లేదు. కాసేపు అట్లాగే చూశాను.

తర్వాత పిడికిలి విప్పాను. మేడం మెల్లగా లాగింది. వాడు కళ్లు తెరిచాడు.

ఏముంది అక్కడ అని ఆత్రంగా సైగ చేశాను. వాడు రాజనర్సును చూపించి, అతని వైపు తాడును కిందికి గుంజి చూపించాడు. గడ్డం ఎదమీదికి వాల్చి ఉలిక్కిపడి లేచినట్టు చేశాడు.

"నిద్రవోయినవా రాజనర్సు!" అంది పోచవ్వ.

"నేనేడ పన్న? పానం నిమ్మళమైంది!"

అందరి నవ్వుకూ తాడు వణికింది. శ్రీకాంత్ తన చేతిలోని తాడును ఆశ్చర్యంగా చూసుకున్నాడు.

నా అరచేతిలో సుతిలి అచ్చులు ఎర్రగా పడ్డాయి. వాడు వాటిని బొటనవేలితో రుద్ది, నన్ను చూపించి, రోడ్డు వైపు చేయి ఊపాడు. వచ్చే సోమవారం నువ్వు రాకు అని.

మరి నా జాగలో తాడు ఎవరు పట్టుకుంటారని అడిగాను.

అందరూ అని వాడు చేయి గుండ్రంగా తిప్పాడు.