ముందటి వరుస మనిషి

"నేను తిన్ననా?" అని రంజిత్ మళ్లీ అడిగాడు. ఎంగిలి చెయ్యి ఇంకా కంచంలోనే ఉంది.

"తిన్నవు. చెయ్యి కడుక్కో," అంది ఉమారాణి. ఒళ్లో బీడీల చాట, పక్కన పాకే పిల్ల. ఆకు కత్తిరించే కత్తెర పిల్లకే కాదు, మొగుడికీ అందకుండా చూసుకోవాలి. మొన్న పిల్ల ఏడుస్తోందని ఎత్తి గోడకు కొట్టబోయాడు. కాసేపటికి ఆ సంగతే గుర్తులేదు. బోధన్ నుంచి కోటగిరికి రోజూ ఆటో నడిపినవాడు, ఇప్పుడు కోటగిరి ఎటని అడుగుతాడు.

ఏటా హోలీకి వాళ్ల ఊళ్లో పిడిగుద్దుల ఆట. నడుమ తాడు కట్టి, అటూ ఇటూ మగవాళ్లు నిలబడి, ఒక చేత్తో తాడు పట్టుకుని రెండో చేత్తో ఎదుటివాడి మొహాన, కణతల మీద గుద్దుతారు. ఆడకపోతే ఊరికి కీడట. ఆట ముగిశాక కౌగిలించుకుని, ముందు రాత్రి కాల్చిన కాముని బూడిద దెబ్బలకు రాసుకుంటారు. మీసాలు రాకముందు నుంచీ రంజిత్‌ది ముందటి వరుసే. సోయి తప్పి పడినప్పుడల్లా తల్లి అంజవ్వ మాడు మీద బూడిద రుద్దేది. లేచి నిలబడితే జనం ఈలలు వేసేవారు. పైగాయాలు మానిపోయేవి. ఏళ్ల తరబడి తగిలిన దెబ్బలకు మెదడే పాడైందని, అది ఇక బాగుపడదని, ఇంకో దెబ్బ తగిలితే మనిషి దక్కకపోవచ్చని నిజామాబాద్ డాక్టరు చెప్పాడు.

బయట డప్పు మోగింది. రంజిత్ పిడికిళ్లు బిగుసుకున్నాయి.

ఆట పెద్ద నర్సన్న నలుగురిని వెంటేసుకుని కల్లు వాసనతో గడప ముందుకొచ్చాడు. "మా పులి తయారైందా?"

"రాడు మామా. డాక్టర్ వద్దన్నడు," అంటూ ఉమారాణి చాట, కత్తెర పైన పెట్టొచ్చి గడపకు అడ్డం నిలబడింది.

"డాక్టర్‌కు మన కాముడేమెరుక? వీడు లేకుంటే ఆట సల్లగైతది. బొట్టు వెట్టి తోలియ్యి."

ముందటి వరుసవాడికి పెళ్లాం బొట్టు పెట్టి పంపాలి. అంజవ్వ కుంకుమ గిన్నె తెచ్చి కోడలి చేతిలో పెట్టింది. "వెట్టవే. ఊరికేమన్నయితే మనల్నే అంటరు."

"ఇంట్లయింది కనవడ్తలేదా అత్తా?"

నర్సన్న నవ్వాడు. "రెండు గుద్దులకు మొగోడు సస్తడానే?"

"మరి మీ కొడుకు అరుణ్ ఏడి మామా? ఒక్కనాడన్న తాడు వట్టంగ సూడలే."

"ఆనికి పరీక్షలున్నయి," అన్నాడు నర్సన్న తడుముకోకుండా. "తలకాయకు తాకితే సదువెట్లొస్తది?"

వెంట వచ్చినవాళ్లు నిజమే అన్నట్టు తలలూపారు. తలకు తగిలితే ఏమవుతుందో వీళ్లందరికీ తెలుసు. తెలిసే ఆట చూడ్డానికి కుర్చీలు వేయించుకుని కూర్చున్నారు. తెలిసే ఈలలు వేశారు.

ఉమారాణి గిన్నె నర్సన్న ముందుకు చాపింది. "పిలువు మామా. ముందుగాల మీ అరుణ్‌కు వెడ్త."

"నోరు బాగ లేస్తున్నదే నీకు!"

"పిలువు."

డప్పు దగ్గరపడింది. "జరుగు," అంటూ రంజిత్ వెనకనుంచి ఆమెను తోశాడు. బిగిసిన పిడికిలి వీపులో గుచ్చుకుంటోంది. ఉమారాణి రెండు చేతులా ద్వారబంధం పట్టుకుంది. గిన్నె జారి కుంకుమ గడపంతా ఒలికింది. అంజవ్వ కెవ్వుమంది. ఉమారాణి ఆ కుంకుమ మీదే కాళ్లు ఊని నిలబడింది.