షామియానా ముందు నాలుగో స్థానం

పరాయి రాష్ట్రపు రైల్వే ఊళ్లో, న్యూ సెటిల్‌మెంట్ కాలనీ తెలుగువాళ్లకు ఒక చెడ్డ అలవాటుంది. ఏటా చలికాలంలో జరిగే ఆటల పోటీలకు మైదానం అవతలి పక్కన, ముగింపు గీతకు సరిగ్గా ఎదురువైపు, గోడ నీడలో షామియానా వేసుకుంటారు. చల్లగా ఉంటుందని మొదట ఎవరో వేశారు, ఇక అదే శాసనమైపోయింది. నాలుగువందల మీటర్ల పరుగులో సగం దూరం కూడా కాకముందే పిల్లలు ఆ షామియానా ముందు నుంచి వెళ్లాలి. అక్కడ ముందున్న పిల్లకు ఈలలు, ఇంటిపేరుతో సహా కేకలు. వెనకబడ్డ పిల్లకు ఆ పూట ఇంట్లో అన్నంతోపాటు సణుగుడు కూడా వడ్డిస్తారు. అందుకని మన పిల్లలంతా షామియానా దగ్గర గెలిచి ముగింపు రిబ్బను దగ్గర ఓడిపోతూ వచ్చారు. ఇన్నేళ్లలో ఈ సంగతి పెద్దలకెవరికీ తట్టలేదంటే నవ్వాలో ఏడవాలో తెలీదు.

పూజ కూడా వరసగా రెండేళ్లు అలాగే ఓడింది. రెండుసార్లూ షామియానా ముందు ఆమెదే మొదటి స్థానం. రెండుసార్లూ ఆఖరి ఎనభై మీటర్లలో కాళ్లు మొరాయించాయి. జూనియర్లలో ఆమెకు ఇదే చివరి ఏడు. మొదట వచ్చిన ఒక్కరికే జిల్లా జట్టులో చోటు.

ఈసారి ఆమెను తయారుచేసింది తాత తవిటయ్య. ఆయన జన్మలో పందెం పరిగెత్తిన మనిషి కాదు, ముప్పై రెండేళ్లు గూడ్సు బండి నడిపి రిటైరైనవాడు. పొద్దున్నే నిమ్‌పురా వైపు రోడ్డు మీద మనవరాలు పరిగెడుతుంటే సైకిలెక్కి పక్కనే వచ్చేవాడు.

"లోడు బండిని ఒక్కపాలి లాగబోతే సక్రాలు ఉన్నకాడే తిరుగుతాయి గానీ బండి కదల్దు," అనేవాడు. "మెల్లగా అందుకో. అందుకున్నాక పవరు తగ్గించి దాని మానాన దాన్ని పోనీ. ఎత్తు ఒచ్చినప్పుడు గావాల నీకు ఆ బలం."

"ఎనకబడిపోతే తాతా?"

"పడు. ఏటైపోద్ది? ముందా దవడ ఒదిలీ. దవడ బిగిస్తే బుజం బిగుస్తాది, బుజం బిగిస్తే కాలు బిగుస్తాది."

మొదట్లో పూజకు ఇదేం నచ్చలేదు. పళ్లు కొరుక్కోకుండా పరిగెత్తితే పని ఎగ్గొట్టినట్టే ఉండేది. మూడో నెలలో ఒక రోజు ఆఖరి వంద మీటర్లకు ఊపిరి ఇంకా మిగిలి ఉండటం చూసి తనే ఆశ్చర్యపోయింది. ఆ తరవాత తాతతో వాదన పెట్టుకోలేదు.

పోటీ నాటి ఉదయం తండ్రి హరిబాబు మెడలో ఈల తగిలించుకుని వచ్చాడు. వర్క్‌షాపులో ఫిట్టరు, షామియానాకు పెద్ద దిక్కు.

"ఒలే, మా ముందు నుంచి ఎల్లినప్పుడు ఫస్టుండాల. మన పరువు నీ కాళ్లల్లో ఉంది," అన్నాడు.

"ఠీక్ హై నాన్నా," అంది పూజ. ఒప్పుకోడానికి కాదు, ఆయన్ని అక్కణ్నించి పంపడానికి.

తుపాకీ పేలింది. మొదటి మలుపు దాటేసరికి ఆరుగురూ లోపలి గీతకు చేరారు. పోయినేడు గెలిచిన జెనీ అందరికన్నా ముందుంది. పూజ వేగం అందుకుంది, అందుకుని భుజాలు దించేసింది. ముందు ముగ్గురున్నారు. ఉండనీ అనుకుంది.

షామియానా దగ్గరపడింది.

"లాగే పూజా! లాగే!"

"ఏటైనాదే నీకు?"

"ఓలమ్మా, గుంటకి ఒంట్లో బాగోనేదు గావాల!"

నాన్న ఈల సగంలో ఆగిపోయింది. ఆ ఆగిపోవడం కేకలకన్నా గట్టిగా తగిలింది. అయిదు సెకన్లు గట్టిగా లాగితే చాలు, అందరి నోళ్లూ మూతపడతాయి. కాళ్లలో ఆ బలం ఉంది కూడా. పిడికిళ్లు వాటంతటవే బిగుసుకున్నాయి. పూజకు భయం వేయలేదు గానీ, సిగ్గేసింది. చిన్నప్పటి నుంచి ఎత్తుకుని తిప్పినవాళ్లు చూస్తుండగా నాలుగోదానిగా వెళ్లడమంటే మాటలా! అయినా వేళ్లు వదులు చేసింది, దవడ వదిలేసింది, వాళ్లవైపు చూడకుండా దాటిపోయింది.

రెండో మలుపులో కొద్దికొద్దిగా వేగం పెంచింది. ఒగరుస్తున్న సుభాష్‌పల్లి కాలనీ పిల్లను దాటేసింది. మలుపు పూర్తయ్యేసరికి ఇంకొకతె వెనకబడింది. ఇక జెనీ ఒక్కతే మిగిలింది. మెడనరాలు ఉబ్బి, తల వెనక్కి వాలి, చేతులు అడ్డదిడ్డంగా పోతున్నాయి. రెండేళ్లూ నేనిలాగే ఉండుంటాను కాబోలు అనుకుంది పూజ, జాలి కూడా వేసింది. జాలిపడేంత తీరిక ఉన్నందుకు లోలోపల సంబరపడింది. ముప్పై మీటర్లుందనగా జెనీని దాటింది. గీత దాకా అదే అడుగు, అదే ఊపు. రిబ్బను ఛాతీకి తగిలినప్పుడు పెద్ద చప్పుడేమీ లేదు, చప్పుడు చేసేవాళ్లంతా మైదానం అవతల ఉన్నారు.

గీత దగ్గర నిలబడ్డ తవిటయ్య మాత్రం మనవరాలి తల నిమిరి, కళ్లు తుడుచుకోవడం మరిచిపోయాడు.

హరిబాబు మైదానానికి అడ్డంగా పడి పరిగెత్తుకొచ్చాడు. ఆనందమో కోపమో ఆయనకే తెలిసినట్టు లేదు.

"గెలిసినావు సరే, మా ముందు ఎందుకే తగ్గిపోనావు? నా గుండాగిపోనాది! అందరి కాడా తలెత్తుకోనేకపోనాను!"

పూజ మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని ఊపిరి తీసుకుంది. చెప్పాలా వద్దా అని ఒక్క క్షణం ఆలోచించి చెప్పేసింది.

"రెండేళ్లూ మీ ముందర గెలిసినాను నాన్నా. అందుకే ఇక్కడ ఓడిపోనాను. ఓడిపోయి ఇంటికొస్తే ఏటన్నావు? సివర్లో దమ్ము నేదన్నావు."

హరిబాబు చెయ్యి మెడలో ఈల మీదికి పోయింది. అన్నది నిజమే, రెండుసార్లూ ఆయనే అన్నాడు. ఈల వేసి పరిగెత్తించిందీ తనే, ఆయాసపడి వచ్చిన పిల్లను తిట్టిందీ తనే. ఆ సంగతి ఆయనకు ఇప్పుడు, ఇందరి మధ్య, ఎండలో నిలబడి అర్థమైంది. కూతురి భుజం మీద చెయ్యి వేయబోయి, వేసే హక్కుందో లేదో అన్నట్టు ఆపుకున్నాడు. పూజే ఆ చెయ్యి పట్టుకుని భుజం మీద వేసుకుంది.

పేర్లు రాసే బల్ల దగ్గర కూర్చున్న బెంగాలీ దాదా జిల్లా జట్టు కాగితం ముందుకు లాక్కుని, పూర్తి పేరు చెప్పమన్నాడు. అలవాటు కొద్దీ హరిబాబు ఇంటిపేరుతో సహా కేకేయడానికి ఛాతీ నిండా గాలి పీల్చుకున్నాడు. అంతలో కూతురి మొహం చూసి, ఆ గాలిని మెల్లగా వదిలేశాడు.

పూజ తన పేరు తనే చెప్పింది.