కుక్కపిల్ల లేని గొలుసు

మార్చి మొదటి ఆదివారం భోజనాలయ్యాక మోంబ్రెల్ ఊరంతా టౌన్ హాల్లో జిగ్సా పజిళ్ళ ముందు కూర్చుంటుంది. బల్లలు తుడుస్తారు, పెట్టెలు బోర్లిస్తారు. అంచు ముక్కలు ఒక పక్కకి, ఆకాశం ఒక పక్కకి. నాలుగు ముక్కలు కలిసేసరికి బొమ్మలోని మనుషులు కదలడం మొదలుపెడతారు కాబట్టి హాలు కాస్త గోలగానే ఉంటుంది.

ఈసారి మాత్రం ఎవరికీ సొంత బల్ల పట్టలేదు. అందరి కళ్ళూ మధ్య బల్ల మీదే. పదకొండేళ్ళ తర్వాత యుగెత్ అక్కడ కూర్చుంది మరి!

అప్పట్లో ఇదే పోటీలో, ఇదే పజిల్‌లో, ఒక ముక్క తగ్గింది. ఆఖరి ముక్క తానే పెట్టాలని ఒకటి ముందే నొక్కేయడం ఆ ఊళ్ళో ఇంటింటా ఉన్న జబ్బే. ఇంట్లో అయితే నవ్వుకుంటారు. పోటీలో అయితే దొంగతనం. పోటీలు నడిపే సంఘం అధ్యక్షుడు అనిసె, "వెతకడం ఎందుకు? యుగెత్ అలవాటు నాకు తెలియదా!" అని తేల్చేసి, బొమ్మని అప్పటికప్పుడు చెరిపించి పెట్టెలో పోయించాడు. ఆ రోజు నుంచి ఆమెకు పోటీల్లో చోటు లేదు. రొట్టెల కొట్టు దగ్గర వరసలో ఆమె పక్కన నిలబడ్డవాళ్ళు జేబులు తడుముకునేవారు.

యుగెత్ మేనకోడలు కపుసీన్‌కి ఇప్పుడు ఇరవై. సంఘానికి నాలుగు ఉత్తరాలు రాసింది, సమావేశంలో బల్ల గుద్దింది. "ఆ బొమ్మ మళ్ళీ పేర్చనివ్వండి! పోయిన ముక్క మీద ఉన్నది కుక్కపిల్ల. బొమ్మలో ఉన్న దాని యజమానురాలు పిలిస్తే అది ఎక్కడున్నా పలుకుతుంది. మా అత్త దగ్గర్నుంచి పలికిందా, ఈ గడప మళ్ళీ తొక్కం!"

సంఘం ఒప్పుకుంది. ఇవాళ వేదిక మీద నుంచి అనిసె ఈల ఊదాడు. గంటన్నర గడువు.

నూటపాతికేళ్ళ నాటి హాస్యపత్రికలోని బొమ్మ అది. సముద్రతీరం. చారల ఈతదుస్తుల్లో లావుపాటి పెద్దమనిషి మడతకుర్చీలో ఇరుక్కుపోయి ఉంటాడు. ఒక పోలీసు టేపు పట్టుకుని ఆడవాళ్ళ ఈతదుస్తుల పొడవు కొలుస్తుంటే, వెనక ఒక పీత అతని ప్యాంటు ఊడలాగుతుంటుంది.

"అత్తా, పీత ముక్క ఇటివ్వు!"

"ఆగవే, పోలీసు కుదురుగా లేడు. కాలు ఝాడిస్తున్నాడు."

"ఏమయ్యా, ప్యాంటు ఎలాగూ పోయింది, కాలైనా నిలకడగా పెట్టు!" అని పక్క బల్ల నుంచి రొట్టెలావిడ అరిచింది. పోలీసు సిగ్గుపడి నిలబడ్డాడు. ముక్క టక్కున కూర్చుంది.

గడువు దగ్గరపడేసరికి ఒక్క ముక్క మిగిలింది, గొడుగు పట్టుకున్న ఆవిడ ముఖం. ఆమె చేతిలోని గొలుసు ఇసకలో ఉన్న ఖాళీ దాకా వెళ్ళి ఆగిపోయింది. యుగెత్ ముక్క చేతిలోకి తీసుకుంది కానీ పెట్టలేదు.

"కపుసీన్, ఒక మాట. ఆ రోజు నేనే తీశానేమోనని నాకే అనుమానం. ఇంట్లో ఎప్పుడూ తీసేదాన్ని కదా. చెయ్యి దానంతటది పోతుంది."

"ఇప్పుడా చెప్పేది! నాలుగు ఉత్తరాలు రాశాక!"

"నువ్వు నన్ను అడిగావా? రాసేశావు." యుగెత్ తన పాత గోధుమరంగు కోటు సవరించుకుంది. "ఆ రోజు వేసుకున్న కోటే వేసుకొచ్చాను. నిజం ఏదైతే అదే బయటికి రానీ."

ముక్క పెట్టేసింది.

గొడుగావిడ కళ్ళు తెరిచింది. గొలుసు లాగి చూసుకుంది. "బిజూ!" అని పిలిచింది. "బిజూ, ఎక్కడున్నావురా?"

అందరూ యుగెత్ కోటు వైపే చూస్తున్నారు. కోటు పలకలేదు.

"భౌ!"

సన్నగా, ముద్దుగా. ఆ అరుపు వేదిక మీద నుంచి వచ్చింది. "భౌ! భౌ!" అనిసె వాస్కోటు జేబు ఎగిరెగిరి పడుతోంది. మెడలోని ఈల దాంతోపాటు గంతులేస్తోంది.

అనిసె ముఖం కందగడ్డ అయింది. మెట్లు దిగి వచ్చి జేబులోంచి ముక్క తీశాడు. "ముప్పై ఏళ్ళుగా ఈల ఊదుతున్నాను. ఒక్క ఆఖరి ముక్కైనా నా చేత్తో పెట్టలేదు. ఒక్కసారి పెడదామనుకున్నా. తీరా గొడవయ్యాక ఒప్పుకోవడానికి నోరు రాలేదు. నీ మీద నెట్టేశాను, యుగెత్. ఇవాళ్టికైనా బయటపడనీ అని జేబులో వేసుకొచ్చాను."

"నోరు రాలేదా? మా అత్త పదకొండేళ్ళు..." కపుసీన్ బల్ల మీదికి ఎక్కబోయింది. యుగెత్ ఆమె జాకెట్ పట్టి కిందికి లాగింది.

"ఉపన్యాసం తర్వాతే. ఇంకా నాలుగు నిమిషాలుంది." తర్వాత అనిసె వైపు తిరిగింది. "ఆ ఈల ఇలా ఇవ్వు."

అనిసె మెడలోంచి తీసి ఇచ్చాడు.

"ఇప్పుడు పెట్టు."

"ఎవరు, నేనా?"

"అత్తా!" కపుసీన్ కెవ్వుమంది.

"ఈ పిల్ల నన్ను కొట్టేలోపు పెట్టవయ్యా!"

అనిసె ముక్క పెట్టాడు. కుక్కపిల్ల ఒక్క దూకు దూకి గొడుగావిడ ముక్కు నాకేసింది. గొడుగు ఎగిరింది. లావుపాటి పెద్దమనిషి పగలబడి నవ్వి, ఆ నవ్వుకి మడతకుర్చీలోంచి ఊడి పడ్డాడు. హాలంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది.

యుగెత్ ఈల మెడలో వేసుకుంది. నోటి దగ్గర పెట్టుకుని, పదకొండేళ్ళుగా బిగబట్టిన ఊపిరంతా పోసి, పోటీ ముగిసిందని ఊదింది.