అదనపు ముప్పై నిమిషాలు

తొమ్మిది శాండ్‌విచ్‌లు. గ్రాంట్‌కి ఉల్లిపాయ పడదు. మా క్లయింటుకి గోధుమ పడదు. బ్రైస్ మాంసం మానేసి రెండు నెలలైంది, చేప మాత్రం తింటాడట, అదేం మానేయడమో! శాన్ హోసే ఫెడరల్ కోర్టుకి ఎదురుగా విచారణ కోసం మేం అద్దెకు తీసుకున్న హోటల్ గదిలో నిలబడి, ఫోన్లో ఇవన్నీ అప్పజెప్తూ, రెండో చేత్తో మధ్యాహ్నం సాక్షికి కావలసిన ఫైలుకి రంగు చీటీలు అంటిస్తున్నాను. నేను పేటెంటు దావాల లాయర్ని. ఈ ఆఫీసులో పదిహేడేళ్ళ సర్వీసు. భోజనాలు తెప్పించడానికి వేరే మనుషులు లేక కాదు. "నదీన్‌కైతే అందరివీ గుర్తుంటాయి" అంటాడు మా సీనియర్ గ్రాంట్ విట్లో. ఆ మాట అన్నాక ఇక ఆ పని ఎవరిదో వేరే చెప్పక్కర్లేదు.

ఇంట్లోనూ నాకు ఇదే సర్టిఫికెట్టు. "చిన్న చిన్న విషయాలు నీకు భలే గుర్తుంటాయి అమ్మాయ్, మావాడికి అన్నీ పెద్ద పెద్ద ఆలోచనలు" అంటుంది మా అత్తగారు, ఆ పెద్ద ఆలోచనలవాడి మందుల డబ్బా నాకు అందిస్తూ. మా ఆయన కర్టిస్, నేనూ ఒకే క్లాసులో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ చదివాం. సర్క్యూట్ల పరీక్షలో నాకు అతనికన్నా పదకొండు మార్కులు ఎక్కువొచ్చాయి. తర్వాత అతను కంపెనీలు మారుతూ చీఫ్ ఇంజనీరయ్యాడు. నేను పగలు ల్యాబులో పనిచేసి, సాయంత్రం పాపని ఒళ్ళో వేసుకుని లా చదివాను. ఇప్పుడు విందుల్లో నన్ను పరిచయం చేస్తూ "మా ఆవిడది కాగితాల పని" అంటాడు. ఈ ఉదయం నేను గిన్నెలు సర్దుతూ, ఇవాళ్టి సాక్షికి నేను రాసిన ప్రశ్నల గురించి చెప్పబోయాను. "నువ్వు తెర వెనక మనిషివి నదీన్. అందులో తప్పేముంది?" అన్నాడు కాఫీ తాగుతూ. తప్పేమీ లేదు. తాగిన కప్పు మాత్రం అక్కడే వదిలేసి వెళ్ళాడు.

దావా ఇదీ. మా క్లయింటుది అరవై మంది పనిచేసే చిన్న కంపెనీ. ఫోన్ కెమెరా బ్యాటరీ తినెయ్యకుండా ఆపే చిప్ చేస్తారు. ఏమీ తయారుచెయ్యని ఒక సంస్థ ఎప్పటిదో పాత పేటెంటు కొనుక్కుని, మీ చిప్ మా పేటెంటుని కాపీ కొట్టిందని కేసు వేసింది. ఓడితే అరవై మందీ ఇళ్ళకి పోవాల్సిందే. అవతలివాళ్ళ బలమంతా వాళ్ళ నిపుణుడు డాక్టర్ ప్రేథర్ ఇచ్చిన రిపోర్టు. "ఈ చిప్ ప్రోగ్రాములో ప్రతి వరుసా స్వయంగా చదివాను" అని ప్రమాణం చేసి రాశాడాయన.

ఆ చదివే పద్ధతి ఒకటుంది. ప్రోగ్రాము కంపెనీ ప్రాణం కాబట్టి కాపీ ఇవ్వరు. మా ఆఫీసులో కిటికీ లేని గది, ఇంటర్నెట్ లేని ఒకే కంప్యూటరు. అవతలివాళ్ళు వచ్చి ఫోన్లు బయట పెట్టి, రిజిస్టర్లో సంతకం చేసి, లోపల కూర్చుని చదువుకోవాలి. మా తరఫున ఒక లాయరు గాజు తలుపు బయట కాపలా కూర్చోవాలి. "అక్కడ బాధ్యత గల మనిషి ఉండాలి" అని గ్రాంట్ ఆ కుర్చీ నాకిచ్చాడు. తొమ్మిది రోజులు వాచ్‌మన్‌లా కూర్చున్నాను. ఒళ్ళు మండిపోయింది, నిజం చెప్పొద్దూ! కానీ ఊరికే కూర్చోవడం నాకు చేతకాదు. ఆ తొమ్మిది రోజుల్లో నలభై మూడు ప్రశ్నలు రాసుకున్నాను.

ఆ ప్రశ్నలు అడిగే పని మాత్రం గ్రాంట్‌ది. ఇవాళ మధ్యాహ్నం అడగాలి. భోజనాల దగ్గర అందరం కూర్చున్నాక బాంబు పేలింది. మా కోర్టుల్లో విచారణకి గడియారం ఉంటుంది. ఒక్కో పక్షానికి పన్నెండు గంటలు, అంతే. మొన్న జ్యూరీకి తన తాతగారి రేడియో రిపేరు కథ చెప్పి చెప్పి, మా వాటా దాదాపుగా ఊడ్చేశాడు గ్రాంట్. ఇక మిగిలింది ఆరు నిమిషాలు.

"కంగారేం లేదు. జడ్జి టకేడా రూలు ఉందిగా" అన్నాడు, శాండ్‌విచ్ విప్పుతూ. జ్యూరీ ముందు ఇంతవరకు ఒక్క సాక్షినీ ప్రశ్నించని లాయరు ఎవరైనా లేస్తే, ఆవిడ ముప్పై నిమిషాలు అదనంగా ఇస్తారు. కొత్తవాళ్ళకి అవకాశం రావాలని ఆవిడ పెట్టుకున్న నియమం. "బ్రైస్ చేస్తాడు. నదీన్, ఆ ఫైలు అతనికివ్వు. వెనక కూర్చుని చీటీలు అందించు."

బ్రైస్ ఆఫీసులో చేరి రెండేళ్ళు. మంచివాడే. మొహం పాలిపోయింది.

"నేనూ ఒక్క సాక్షినీ ప్రశ్నించలేదు గ్రాంట్" అన్నాను. "ఆ రూలు నాకూ వర్తిస్తుంది."

గదిలో నవ్వొకటి వచ్చి మధ్యలోనే ఆగిపోయింది.

"అది నీలాంటివాళ్ళ కోసం కాదు. నిన్నగాక మొన్న వచ్చిన పిల్లల కోసం" అన్నాడు గ్రాంట్, గొంతు తగ్గించి. "పదిహేడేళ్ళ తర్వాత కోర్టులో లేచి, నేను ఒక్క సాక్షిని కూడా అడగలేదని చెప్పుకుంటావా? నీకే నామోషీ. పైగా నిన్ను పార్ట్‌నర్‌ని చెయ్యాలా వద్దా అని డిసెంబర్లో జరిగే ఓటింగుకి నీ పేరు మళ్ళీ వస్తోంది. చూసుకో మరి."

నామోషీ. ఆ మాట పట్టుకుని చాలాసేపు శాండ్‌విచ్ కాగితం మడత పెడుతూ కూర్చున్నాను. మొదటి కేసులో నాకు రెండో కాన్పు, ఎనిమిదో నెల. జ్యూరీ సాక్షిని వదిలేసి నీ పొట్టే చూస్తుంది, వచ్చేసారి తప్పకుండా అన్నాడు గ్రాంట్. తర్వాత కేసులో నా గొంతు సన్నం, వచ్చేసారి. ఆ తర్వాత గట్టిగా మాట్లాడటం నేర్చుకుంటే గయ్యాళిలా ఉందన్నారు, వచ్చేసారి. టెక్సస్ కేసుకి పాపకి జ్వరమేమోనని వాళ్ళే అనుకుని నన్ను అడగనే లేదు. పాప ఆరోజు నిక్షేపంలా స్కూల్లో ఉంది. ప్రతిసారీ ప్రశ్నలు నావి, కాగితాలు నావి, గెలిచాక విందుకి హోటలు మాట్లాడేదీ నేనే. ఇన్నేళ్ళూ నన్నిలా పక్కన పెడుతున్న సంగతి ఎవరికీ తెలియకూడదని నేనే దాచుకుంటూ వచ్చాను, కర్టిస్ దగ్గర కూడా, ఏదో నేను చేసిన వెధవ పనిలా. అసలు సిగ్గుపడాల్సింది నేనా? పదిహేడేళ్ళు నన్ను కూర్చోబెట్టింది ఎవరు? ఒక్కసారిగా ఆకలేసింది. శాండ్‌విచ్ మొత్తం తిన్నాను.

రోడ్డు దాటుతుంటే బ్రైస్ పక్కకి వచ్చి ఫైలు నా చేతిలో పెట్టాడు. "నదీన్, ప్లీజ్. ఇందులో సగం నాకు అర్థం కాలేదు" అన్నాడు.

జ్యూరీ ఇంకా లోపలికి రాలేదు. జడ్జి టకేడా కళ్ళద్దాలు సర్దుకుని, "అదనపు సమయం ఎవరు అడుగుతున్నారు?" అన్నారు.

గ్రాంట్ నోరు తెరిచేలోపు లేచాను. "నేనండీ."

ఆవిడ నా జుట్టులో తెల్లవెంట్రుకలు చూశారనుకుంటా. "ఎన్నేళ్ళయింది లాయరుగా?"

"పదిహేడు."

"జ్యూరీ ముందు ఎంతమంది సాక్షుల్ని ప్రశ్నించారు?"

"ఒక్కరిని కూడా లేదు." కోర్టు టైపిస్టు వేళ్ళు టకటకా ఆ మాట కొట్టడం వినిపించింది.

"పదిహేడేళ్ళలో? ఎందుకని?"

"ఆ ప్రశ్న మా సీనియర్‌గారిని అడగాలి యువరానర్. నా ప్రశ్నలు సాక్షికి."

ఆవిడ గ్రాంట్ వైపు చూశారు. గ్రాంట్ తన ఖాళీ నోటుబుక్కు వైపు చూసుకున్నాడు. "ముప్పై నిమిషాలు" అన్నారావిడ. "జ్యూరీని పిలవండి."

డాక్టర్ ప్రేథర్ నన్ను గుర్తుపట్టలేదు. రిజిస్టరు కాపీ ఆయన ముందు పెట్టాను. మీ సంతకం ఎన్ని రోజులుందని అడిగాను. ఒక్క రోజని ఒప్పుకున్నాడు. ఎంతసేపని అడిగితే, నలభై నిమిషాలని చదివాడు. మరి మిగతా ఎనిమిది రోజులు ఎవరు చదివారన్నాను.

"నా సహాయకురాలు" అన్నాడు. "కానీ రిపోర్టు నాదే."

"అంటే ఆ వరుసలు చదివిందీ, మా చిప్ కాపీ అని తేల్చిందీ ఆవిడ. మీరు సంతకం పెట్టారు."

"మా రంగంలో అలాగే జరుగుతుంది" అన్నాడు ఆయన, విసుగ్గా.

"మా రంగంలో కూడానండీ" అన్నాను. జ్యూరీలో మూడో కుర్చీలో ఉన్న పెద్దావిడ ముందుకి వంగింది. "ఆవిడ పేరేమిటి డాక్టర్?"

ఆయన వాళ్ళ లాయర్ల బల్ల వైపు చూశాడు. అక్కడ కూడా ఎవరికీ తెలిసినట్టు లేదు.

"తొందరేం లేదు, ఆలోచించుకోండి" అన్నాను. "నాకింకా ఇరవై రెండు నిమిషాలున్నాయి."